శ్రీశైలం అడవి దారిలో నాలుగు బండ్ల మధ్య మాటకు వాకీటాకీలు పనికొస్తాయా?

నల్లగొండ ప్రయాణికుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అన్నదమ్ముల కుటుంబాలు, మేనత్త వాళ్ల కుటుంబం కలిసి ఏటా కార్తీక మాసంలో నాలుగు బండ్లలో నల్లగొండ నుంచి శ్రీశైలం వెళ్తుంటాము. కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా డిండి చేరుకొని, అక్కడ హైదరాబాదు నుంచి వచ్చే శ్రీశైలం రహదారి ఎక్కుతాము. డిండి వరకు ఏ బండి ఎక్కడ ఉన్నదో ఫోనులో కనుక్కోవచ్చు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ప్రవేశించిన తరువాత మాత్రం, ఊళ్ల దగ్గర కాస్త సిగ్నల్ తగిలినా, మధ్యలో చాలా దూరం ఫోన్లు చేతిలో ఉండీ లేనట్టే.

పోయిన ఏడాది మా మూడో బండి వటవర్లపల్లి దాటిన తరువాత పంక్చరైంది. పెద్దవాళ్లందరూ ఆ బండిలోనే ఉన్నారు. జాకీ, స్టెప్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి కానీ, చక్రం విప్పే పానా మాత్రం అంతకుముందు రోజు మేము వాడుకొని మా డిక్కీలోనే మరచిపోయాము. మేము ముందు బండిలో ఉన్నందున ఏమీ తెలియక దోమలపెంట వరకు వెళ్లిపోయి, వెనుకవాళ్లు టీ తాగడానికి ఆగి ఉంటారని అనుకుంటూ యాభై నిమిషాలు ఎదురుచూశాము. నాలుగో బండి వాళ్ల దగ్గర కొంచెం పెద్ద కొలత పానా ఉంటే, దాని నోట్లో గుడ్డపేలిక ఇరికించి, బోల్టులు ఒక్కొక్కటిగా విప్పారట. అమ్మ బీపీ మాత్రల డబ్బా కూడా మా బండిలోనే ఉండిపోయింది. ఆ రోజు ఏ అపాయమూ జరగలేదు కానీ, ఆమె మధ్యాహ్నం మాత్ర వేసుకోకుండా రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్న సంగతి నా మనసులో నుంచి పోవడం లేదు.

అందుకే ఈసారి బండికొక వాకీటాకీ పెట్టుకోవాలని అనుకుంటున్నాము. వీటికి లైసెన్సు కావాలా? ఆ అడవిలో మాట ఎంత దూరం అందుతుంది? ఎలాంటివి కొనాలి, ఎలాంటివి కొనకూడదు? స్వయంగా వాడినవారు చెబితే రుణపడి ఉంటాను.

అచ్చంపేట డ్రైవర్:

అన్నా, నమస్తే. నేను పదేళ్లకు పైగా ఈ దారిలో యాత్రికులను తీసుకువెళ్తున్నాను. వాకీటాకీ సెట్లు పెట్టుకున్న బృందాల వెంట కూడా చాలాసార్లు బండి నడిపాను కాబట్టి చూసినది చెబుతాను.

డబ్బా మీద ఎన్ని కిలోమీటర్లని రాసి ఉన్నా దానిని లెక్కలోకి తీసుకోకండి. డిండి దగ్గర తిన్నటి రోడ్డు మీద బండికీ బండికీ మధ్య కిలోమీటరున్నర ఉన్నప్పుడు కూడా మాట స్పష్టంగా వినబడింది. అవే సెట్లు హాజీపూర్ దాటి మన్ననూరు గుట్ట ఎక్కే మలుపుల్లో అర కిలోమీటరుకే గరగరమన్నాయి. ఫర్హాబాద్ తరువాత రోడ్డు కొంత సమతలంగా ఉన్నప్పటికీ రెండు పక్కలా చెట్లు దట్టంగా ఉంటాయి కనుక, వానలు పడి ఆకు తడిగా ఉన్న రోజుల్లో మాట ఇంకా తొందరగా తెగిపోతుంది. అంటే మీ నాలుగు బండ్లూ ఒకదాని వెనుక ఒకటి ఉన్నంతవరకే ఈ సెట్లు మీకు చుట్టాలు. పోయిన ఏడాదిలాగా మీరు దోమలపెంటలో, వాళ్లు వటవర్లపల్లి దగ్గర ఉండిపోతే, ఎంత మంచి సెట్టు ఉన్నా మీకు ఏమీ వినబడి ఉండేది కాదు. ఆ సెట్టు మీకు పనికొచ్చేది టైరు పోయిన మొదటి నిమిషంలోనే. అప్పటికి వాళ్లు మీకు అర కిలోమీటరు లోపల ఉండి ఉంటే, "ఆపుకున్నాము" అన్న ఒక్క మాట మీ చెవిన పడేది.

అందుకని సెట్లు కొన్నా కొనకున్నా ఒక పద్ధతి పెట్టుకోండి. ప్రతి బండీ తన వెనుక బండిని అద్దంలో కనిపెట్టుకొని ఉండాలి. అది రెండు మూడు నిమిషాలు కనబడకపోతే వేగం తగ్గించాలి, అప్పటికీ రాకపోతే వెడల్పుగా ఉన్న చోటు చూసుకొని ఆపాలి. వెనుకవాడు ఆగితే ముందువాడు ఆగుతాడు, అలా చివరికి అందరూ ఆగుతారు. సెట్టు బ్యాటరీ అయిపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. అందరికన్నా నిదానంగా నడిచే బండిని చివర పెట్టకండి, మొదట్లో పెట్టండి. చివరి బండిలో బండి పని తెలిసిన మనిషి, పానాలు, తాడు, గాలి పంపు ఉండాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ముందు బండివాళ్లు సెట్టులో "రోడ్డు ఖాళీగా ఉంది, వచ్చేయండి" అంటే, ఆ మాట నమ్మి వెనుకవాళ్లు మలుపులో లారీని దాటడం నేను కళ్లారా చూశాను. వాళ్లు చెప్పినప్పుడు ఖాళీగా ఉన్న రోడ్డు మీరు అక్కడికి చేరేసరికి ఖాళీగా ఉండదు. "ఎదురుగా బస్సు వస్తున్నది", "రోడ్డు మీద రాయి పడి ఉంది" అని హెచ్చరించడానికే సెట్టును వాడండి. దాటవచ్చునని చెప్పడానికి మాత్రం ఎప్పుడూ వాడకండి.

పాలమూరు హ్యామ్:

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను, హ్యామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవారి లైసెన్సు ఉన్నది. లైసెన్సు విషయంలో చాలామంది తెలియక తప్పు చేస్తున్నారు కాబట్టి దానిని కొంచెం వివరంగా రాస్తాను.

మన దేశంలో రేడియో తరంగాలను ఎవరు ఏ పౌనఃపున్యంలో, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో, వాడాలో కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం చూస్తుంది. మామూలు ప్రజలు లైసెన్సు లేకుండా చేతి సెట్లు వాడుకోవడానికి 2018లో ఇచ్చిన నిబంధనల కింద 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఒక సన్నని పట్టీని వదిలిపెట్టారు. పన్నెండున్నర కిలోహెర్ట్జ్ చొప్పున పంచితే అందులో 16 ఛానెళ్లు వస్తాయి. ఈ రకం సెట్ల శక్తి అర వాటుకు మించదు, వాటి యాంటెన్నా ఊడిరాదు. మీకు కావలసినవి ఇవే. లైసెన్సు అక్కరలేదంటే ఏ సెట్టయినా పరవాలేదని అర్థం కాదు. ఆ నమూనాకు డబ్ల్యూపీసీ వారి ఈటీఏ, అంటే పరికర ఆమోదం, తప్పనిసరిగా ఉండాలి. ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ వివరాలేవీ చెప్పకుండా సెట్లు అమ్ముతున్నారని గమనించి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా జారీ చేసింది. కనుక కొనేముందు పౌనఃపున్యం, ఈటీఏ రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. రాసి లేకపోతే ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

తీసుకోకూడనివి రెండు రకాలు. అమెరికాలో ఉండే బంధువులు వచ్చేటప్పుడు అక్కడి కుటుంబ సెట్లు తెస్తుంటారు. అవి 462, 467 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. అక్కడ చెల్లుబాటయ్యే ఆ పౌనఃపున్యాలు ఇక్కడ వేరేవారికి కేటాయించినవి. రెండో రకం, నాలుగైదు వాట్ల శక్తితో ఏ పౌనఃపున్యానికైనా తిప్పుకోగలిగిన చవక సెట్లు. వాటిని 446లోనే పెట్టి వాడుతున్నామని కొందరు వాదిస్తారు కానీ, శక్తి పరిమితి దాటినప్పుడు, ఆ నమూనాకు ఆమోదం లేనప్పుడు, 446లో పెట్టినంత మాత్రాన అది సక్రమం కాదు. పైగా పొరపాటున ఒక మీట అటూ ఇటూ అయితే పోలీసుల, అటవీ సిబ్బంది మాటల్లోకి చొరబడే ప్రమాదం ఉన్నది. పులుల అభయారణ్యం లోపల చెక్‌పోస్టు సిబ్బంది ఆ సెట్టు చూసి ప్రశ్నిస్తే మీ దగ్గర సమాధానం ఉండదు. సక్రమమైన సెట్టుకు బిల్లు, ఈటీఏ కాగితం ఫోనులో భద్రపరచుకొని ఉంటే ఆ బాధ లేదు.

27 మెగాహెర్ట్జ్ దగ్గర సిటిజన్ బ్యాండ్ అని మరొకటి ఉన్నది. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు 5 వాట్ల లోపు వాడుకోవడానికి 2005లోనే లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. యాంటెన్నా సెట్టులోనే అమర్చినదై ఉండాలన్న షరతు పెట్టారు. ఆ తరంగం పొడవు దాదాపు 11 మీటర్లు కనుక చేతి సెట్టుకు తగిన చిన్న యాంటెన్నాతో దాని బలం బయటికి రాదు. మీ పనికి దానిని మరచిపోవచ్చు.

హ్యామ్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. పరీక్ష రాసి లైసెన్సు పొందితే 144–146 మెగాహెర్ట్జ్ మీద ఎక్కువ శక్తితో మాట్లాడవచ్చు. మన హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎంతోమందికి ఈ విద్య నేర్పింది. కానీ ఆ లైసెన్సు మనిషికి ఇచ్చేది, కుటుంబానికి ఇచ్చేది కాదు. నాలుగు బండ్లలో నలుగురు లైసెన్సుదారులు ఉంటేనే మీ మధ్య మాట నడుస్తుంది. మీ ఇంట్లో పిల్లలకు ఆసక్తి ఉంటే 12 ఏళ్లు నిండినవారెవరైనా ఆ పరీక్షకు కూర్చోవచ్చు. నేను ఎవరినైనా సంతోషంగా ప్రోత్సహిస్తాను కానీ, ఈ కార్తీకానికి అది అందివచ్చే దారి కాదు.

ఇక దూరం సంగతి. 446 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మూరన్నర లోపే. అది దాదాపు చూపు లాగానే తిన్నగా పోతుంది, గుట్టను చుట్టి రాలేదు, నీరు నిండిన ఆకుల్లో ఇంకిపోతుంది. బండి పైకప్పు, తలుపులు ఇనుప రేకు కాబట్టి, తరంగం బయటికి వెళ్లడానికి అద్దాలే దారి. అందువల్ల సెట్టును ఒళ్లో పెట్టుకొని మాట్లాడితే సగం బలం బండిలోనే పోతుంది. అద్దం దగ్గరగా, యాంటెన్నా నిలువుగా ఉండేలా పట్టుకొని, నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచి మాట్లాడండి. మాట అందకపోతే, వెడల్పైన చోట బండి ఆపి, మనిషి దిగి కొంచెం ఎత్తు మీద నిలబడి పిలిచి చూడండి. అర వాటు సెట్టుకు పది అడుగుల ఎత్తు ఎంత బలమిస్తుందో మీకే తెలుస్తుంది.

ప్రైవసీ కోడ్ అని రాసి ఉండే అంకెలను చూసి మీ మాటలు రహస్యంగా ఉంటాయని భ్రమపడకండి. అది ఇతరుల మాటలు మీకు వినబడకుండా ఆపుతుందే తప్ప, మీ మాటలు ఇతరులకు వినబడకుండా ఆపదు. నాలుగు సెట్లలోనూ ఛానెల్, కోడ్ రెండూ ఒకేలా ఉండాలి. ఒక్క సెట్టులో కోడ్ తేడా ఉంటే ఆ బండివాళ్లకు మీ మాట వినబడదు, సెట్టు చెడిపోయిందని అనుకుంటారు.

డ్రైవర్ చేతికి మాత్రం సెట్టు ఇవ్వకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, బండి నడుపుతూ చేతిలో పట్టుకునే సంభాషణ పరికరం వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. చట్టం లేకున్నా ఆ ఘాట్‌లో రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి.

నాగర్‌కర్నూల్ టీచరమ్మ:

ఇద్దరూ చెప్పవలసినవి చక్కగా చెప్పారు. మాట్లాడే తీరు గురించి ఒక విషయం మిగిలింది. మేము బంధువులతో మూడు బండ్లలో సలేశ్వరం జాతరకు వెళ్లినప్పుడు అనుభవంలో తెలుసుకున్నాను.

ఈ సెట్లలో ఒకసారికి ఒకరే మాట్లాడగలరు. బటన్ నొక్కిన వెంటనే మాట మొదలుపెడితే మొదటి అక్షరం పోతుంది, మాట పూర్తికాకముందే వేలు తీస్తే చివరి అక్షరం పోతుంది. మన భాషలో ఈ రెండూ పెద్ద నష్టమే. మా చెల్లెలు ముందు బండిలో నుంచి "ఆగండి" అన్నది, మాకు "గండి" అని మాత్రమే వినబడింది. మా మరిది దానిని "సాగండి" అని అర్థం చేసుకున్నాడు. రోడ్డు మీద గేదెలు అడ్డం ఉన్నందున ఆమె ఆపమన్నది. మా అదృష్టం కొద్దీ బండి నెమ్మదిగా ఉన్నది. చివరి అక్షరం పోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తెలుగులో వద్దనే మాట చివరనే వస్తుంది. "ముందుకు రావద్దు" అన్నప్పుడు చివర తెగితే "ముందుకు రా" అని మిగులుతుంది. అందువల్ల బటన్ నొక్కి, మనసులో ఒకటి అనుకొని అప్పుడు మాట మొదలుపెట్టాలి, మాట ముగిసిన తరువాత మళ్లీ ఒకటి అనుకొని వేలు తీయాలి.

ఆ తరువాత మేము మాటలనే మార్చుకున్నాము. ఆపడానికి "నిలపండి, నిలపండి" అని రెండుసార్లు, కదలడానికి "బయలుదేరుదాం" అని ఒకసారి. ఈ రెండింటిలో ఏ అక్షరం పోయినా ఒకటి మరొకటిగా వినబడదు. విన్నవారు తమ బండి పేరు చెప్పి అదే మాటను తిరిగి పలకాలి. తిరిగి పలికే వరకు మాట చేరలేదనే లెక్క. బండ్లకు మనుషుల పేర్లు పెట్టకండి, ఒకటో బండి, రెండో బండి అనే పిలవండి, ఎందుకంటే దారిలో మనుషులు బండ్లు మారుతుంటారు.

పిల్లలు పాటలు పాడటానికి సెట్టు అడుగుతారు. డిండి వరకు ఇవ్వండి, వాళ్లకూ సరదా, మీకు సెట్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో తెలుస్తుంది. మన్ననూరు దాటిన తరువాత మాత్రం ముఖ్యమైన మాటకే వాడండి. ఒకరు బటన్ మీద వేలు పెట్టి పాడుతుంటే వెనుక బండివాళ్లు ఆపదలో పిలిచినా మీకు వినబడదు. సెట్టు మీద ఏదైనా బరువు పడి బటన్ నొక్కుకుపోయినా అంతే. కాబట్టి దానిని సీటు సందులో పెట్టకండి.

నల్లగొండ ప్రయాణికుడు:

ముగ్గురికీ హృదయపూర్వకంగా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే ఈటీఏ వివరాలున్న 446 సెట్లు నాలుగు కొన్నాము. బయలుదేరే ముందే పరీక్షించి చూద్దామని ఆదివారం మా తమ్ముడూ నేనూ చెరొకటి తీసుకున్నాము. మా ఇంటి వైపు సందుల్లో నాలుగు మలుపులు తిరిగేసరికి, అర కిలోమీటరు కూడా కాకముందే మాట పోయింది. తరువాత నేను లతీఫ్‌సాబ్ గుట్ట మెట్లెక్కి పైన నిలబడ్డాను, తమ్ముడు పానగల్లు చెరువు కట్ట మీదికి వెళ్లాడు. అంత దూరం నుంచి వాడి గొంతు పక్కనే ఉన్నట్టు వినబడింది, కట్ట మీద గాలి వీచే చప్పుడు కూడా తెలిసింది. వాడు కట్ట దిగి గుడి వైపు నడవగానే ఒక్కసారిగా తెగిపోయింది. ఎత్తు గురించి మీరు రాసినది అప్పుడు పూర్తిగా అర్థమైంది.

బండ్ల వరుస ఇలా నిర్ణయించుకున్నాము. పెద్దవాళ్ల బండి మొదట, మా బండి రెండోది, పిల్లలు ఎక్కువగా ఉన్న బండి మూడోది, మెకానిక్ పని తెలిసిన మా బావ బండి చివర. అమ్మ మాత్రలు అమ్మ సంచిలోనే ఉంటాయి, ప్రతి బండికీ దాని కొలత పానా దానిలోనే ఉంటుంది. ఒక్క సందేహం మిగిలింది. ఒకటో బండి మాట నాలుగో బండికి అందకపోతే ఏమి చేయాలి?

పాలమూరు హ్యామ్:

మధ్య బండి అందించాలి. మీ రెండో బండిలో నిదానంగా మాట్లాడే మనిషిని ఒకరిని ఆ పనికే కూర్చోబెట్టండి. ఒకటో బండి చెప్పిన మాట నాలుగో బండి నుంచి తిరిగి వినబడకపోతే, ఆ మనిషి అదే మాటను, తన మాట కలపకుండా, మళ్లీ పలకాలి. మూడో బండివాళ్లు అప్పుడు మౌనంగా ఉండాలి. ఇద్దరు ఒకేసారి నొక్కితే, బలంగా అందే మాట ఒకటే వినబడుతుంది లేదా రెండూ కలిసి గోలగా మారుతాయి. రెండో బండి మాట కూడా అందకపోతేనే మూడో బండి పలకాలి. రీచార్జ్ సెట్లయితే ముందురోజు రాత్రి నిండా చార్జింగ్ పెట్టండి, సన్న సెల్స్ వేసేవైతే ఒక కొత్త జత ప్రతి బండిలోనూ ఉంచండి.

అచ్చంపేట డ్రైవర్:

అన్నా, వరుస బాగుంది. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మాత్రం సెట్టును నమ్ముకోకండి. ఒక మలుపు కింద బండి ఉంటే పై మలుపు బండికి మధ్యలో కొండే అడ్డం. ఈగలపెంటలో నాలుగు బండ్లూ కలుసుకొని, ఒక ఐదు నిమిషాలు బ్రేకులు చల్లారనిచ్చి, చిన్న గేరులో దిగండి. మళ్లీ డ్యామ్ దగ్గరే కలుసుకోవాలని ముందుగానే చెప్పుకోండి. తిరుగు ప్రయాణంలో రాత్రి 9 గంటలకు చెక్‌పోస్టు మూస్తారు, ఉదయం 6 గంటల వరకు తీయరు. కాబట్టి దర్శనం ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఉండిపోండి. ఒక బండి గేటు దాటి, మిగిలినవి ఇవతల ఆగిపోతే సెట్టు ఉన్నా ఏమీ చేయలేరు.

నల్లగొండ ప్రయాణికుడు:

అలాగే అన్నా. డిండి, మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, డ్యామ్, ఈ ఆరు చోట్ల అందరూ కలిసిన తరువాతే ముందుకు కదలాలని ఒక కాగితం మీద రాసి, ప్రతి బండిలో అద్దం కింద అతికించాము. దాని కిందనే "నిలపండి, నిలపండి" అని పెద్ద అక్షరాలతో రాయించాను.